విహారతీరంగా మారిన నౌకాస్థావరం: సుబిక్ అఖాతంలో స్మరణ, విస్మరణ

వ్యాససంగ్రహం:
ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ అఖాతం సుమారు వందేళ్లపాటు మొదట స్పెయిన్, తరువాత అమెరికా నౌకాదళాలకు స్థావరంగా ఉన్నది. 1992లో అమెరికన్ దళాలు వైదొలగిన పిమ్మట అది స్వేచ్ఛా వాణిజ్య మండలంగా, సముద్రతీర విహారస్థలంగా రూపొందింది. స్థావరం అంతరించి విహారస్థలం వచ్చిందన్న సాధారణ భావనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేటి సందర్శకుడు ఆస్వాదించే అడవి, తీరం, మునిగిన నౌకలు, క్రమశిక్షణ గల వీధులు అన్నీ స్థావరం మిగిల్చినవేనని, ఆ స్థావరాన్ని నిలిపిన స్థానికుల శ్రమకు, వారు పొందిన నష్టానికి మాత్రం ఆ దృశ్యంలో తగిన చోటు దక్కలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుబిక్ అఖాతం, ఒలొంగపో, నౌకాస్థావరం, పర్యాటకం, ఆయ్తాలు, స్మారకాలు, వలసపాలన.

1. ఉపోద్ఘాతం

లుజాన్ ద్వీపపు పడమటి తీరాన, మనీలాకు వాయవ్యదిశలో, జాంబాలెస్, బతాన్ ప్రాంతాల కొండల నడుమ ఉన్న సహజమైన లోతునీటి రేవు సుబిక్ అఖాతం. 2008లో వేగరహదారి ఏర్పడిన తరువాత రాజధాని నుండి అక్కడికి ప్రయాణం మరింత సులభమైంది. సందర్శకుడు ఒలొంగపో నగరపు ఇరుకు వీధులను, జీపునీల రద్దీని దాటి ఒక చిన్న వంతెన మీదుగా గేటులోకి ప్రవేశిస్తాడు. ప్రవేశించగానే దృశ్యం మారిపోతుంది. విశాలమైన రోడ్లు, ప్రతి కూడలిలోనూ తప్పనిసరిగా ఆగే వాహనాలు, పన్నులేని సరుకుల దుకాణాలు, చెట్ల నీడన వరుసగా ఇళ్లు, ఆపైన నీలిసముద్రం. గేటుకు ఇటు ఒక లోకం, అటు మరొక లోకం అన్న భావన ప్రతి సందర్శకుడికీ కలుగుతుంది.

ఈ భేదం యాదృచ్ఛికం కాదు. అది చరిత్ర గీసిన గీత. ఆ గీత ఎలా ఏర్పడింది, స్థావరం మూతపడిన తరువాత కూడా ఎందుకు చెరగలేదు అన్నవి ఈ వ్యాసంలో చర్చించే ప్రశ్నలు.

సైనిక స్థావరాలకూ పర్యాటకానికీ గల సంబంధాన్ని పరిశోధకులు ఇదివరకే గుర్తించారు. 1989లో వెలువడిన గ్రంథంలో సింథియా ఎన్లో పర్యాటకాన్నీ సైనిక స్థావరాలనూ స్త్రీల శ్రమ దృష్టితో కలిపి పరిశీలించారు. సైనికశక్తి పర్యాటక పరిశ్రమకు రక్షణ కల్పిస్తే, ఆ పరిశ్రమ సైనికశక్తిని కంటికి కనబడకుండా దాస్తుందని పసిఫిక్ ద్వీపాల అధ్యయనకర్త టెరేసియా తెయైవా వివరించి, దానిని ‘మిలిటూరిజం’ అన్నారు. వెర్నడెట్ విక్యున్యా గొంజాలెస్ 2013లో ప్రచురించిన గ్రంథంలో హవాయి, ఫిలిప్పీన్స్‌లను ఇదే కోణంలో చర్చించారు. ఈ ఆలోచనలను సుబిక్‌లోని ఒక్కొక్క స్థలానికి అన్వయించి చూడటం ఇక్కడ ఉద్దేశం.

2. స్థావర నిర్మాణం

1884లో స్పెయిన్ రాజశాసనం సుబిక్‌ను నౌకాదళ రేవుగా ప్రకటించింది. మరుసటి ఏడాది ఒలొంగపోలో ఆయుధశాల నిర్మాణం ఆరంభమైంది. దాని పడమటి ద్వారం నేటికీ నిలిచి ఉన్నది. స్పెయిన్‌కు ఈ రేవు అక్కరకు రాలేదు. 1898లో అమెరికాతో యుద్ధం వచ్చినప్పుడు స్పానిష్ నౌకాధిపతి మొంతోహో తన నౌకలతో సుబిక్‌కు వచ్చాడు. అఖాత ముఖద్వారంలోని గ్రాండే ద్వీపంపై ఫిరంగులు బిగించలేదని తెలిసి మనీలా అఖాతానికి తిరిగి వెళ్లాడు. ఆ ఏడాది మే 1న అక్కడే అతని నౌకాబలం నాశనమైంది.

అమెరికా పాలకులు స్పెయిన్ విడిచిన పనిని పూర్తిచేశారు. 1901లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సుబిక్ పరిసరాలను నౌకాదళానికి కేటాయించాడు. ‘డ్యూయీ’ అనే తేలియాడే డ్రైడాక్‌ను అమెరికా తూర్పుతీరం నుండి నెలల తరబడి సముద్రం మీద లాగుకొని వచ్చి 1906లో ఒలొంగపో చేర్చారు. గ్రాండే ద్వీపంపై ఫోర్ట్ వింట్ అనే కోట వెలసింది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు సమీపించగా అమెరికన్లు తామే స్థావరాన్ని ధ్వంసం చేసి, కోటను ఖాళీచేసి, పాత యుద్ధనౌక ‘న్యూయార్క్’ను అఖాతంలో ముంచివేశారు. అప్పటికి ఆ నౌక రెండుమార్లు పేరు మార్చుకొని ‘రోచెస్టర్’ అయి ఉన్నది.

ఫిలిప్పీన్స్ 1946లో స్వతంత్ర దేశమైంది. అయితే 1947 ఒప్పందం అమెరికాకు 99 ఏళ్ల స్థావరహక్కు ఇచ్చింది. 1966లో ఈ గడువును పాతికేళ్లకు తగ్గించారు. ఈ సవరణ వల్లనే 1991 నిర్ణాయక సంవత్సరమైంది. ఈలోగా కొరియా యుద్ధకాలంలో క్యూబీ పాయింట్ వైమానిక కేంద్ర నిర్మాణం మొదలైంది. నౌకాదళ నిర్మాణ దళాలు కొండను తొలిచి, సముద్రాన్ని పూడ్చి ఐదేళ్లలో రన్‌వే వేశాయి. అక్కడి బనికాయిన్ గ్రామ ప్రజలను ఒలొంగపోకు తరలించారు. 1956లో కేంద్రం ప్రారంభమైంది. నేడు ఆ రన్‌వే సుబిక్ అంతర్జాతీయ విమానాశ్రయంగా ఉన్నది. విమానాశ్రయం కింద ఒక గ్రామపు నేల ఉన్నదన్న సంగతి ప్రయాణికుడికి తెలిసే అవకాశం తక్కువ.

3. కంచెకు ఇరువైపులా

ఒలొంగపో పట్టణ చరిత్ర అసాధారణమైనది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఆ పట్టణం 1959 డిసెంబరు 7 వరకు అమెరికా నౌకాదళ పాలనలోనే ఉన్నది. ఆ రోజున ఫిలిప్పీన్స్ ప్రభుత్వానికి అప్పగించిన తరువాత పురపాలికగా, 1966లో నగరంగా మారింది. అంటే ఒలొంగపో పౌరులకు స్వదేశపాలన దేశంలోని ఇతరులకన్నా పదమూడేళ్లు ఆలస్యంగా లభించింది.

వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ నౌకాదళపు సప్తమ శ్రేణికి సుబిక్ ప్రధాన మరమ్మతు, సరఫరా కేంద్రమైంది. నౌకలను మరమ్మతు చేసినవారు, సరుకు దించినవారు, కార్యాలయాల్లో లెక్కలు రాసినవారు పదుల వేల సంఖ్యలో ఫిలిప్పినోలే. మరోవైపు యుద్ధభూమి నుండి సెలవుపై వచ్చిన నావికుల కోసం గేటు ఎదుటి మగ్‌సైసై వీధి పొడవునా బార్లు, నృత్యశాలలు వెలిశాయి. సమార్, లేతే వంటి పేదప్రాంతాల నుండి యువతులు పనికోసం వచ్చి అక్కడ చేరారు. నగర ఆరోగ్యకేంద్రంలో క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకొని, అందుకు సంబంధించిన కార్డు దగ్గర ఉంచుకోవడం వారికి తప్పనిసరి. రోగవ్యాప్తిని అరికట్టే బాధ్యత ఆ స్త్రీల శరీరాలపైనే మోపబడింది. గేటు దగ్గరి వంతెన కింది మురికికాలువలో చిన్న పడవలపై నిలిచి, నావికులు విసిరే నాణేల కోసం చేతులు చాపిన, నీటిలో దూకిన పిల్లల దృశ్యం ఆనాటి నావికుల జ్ఞాపకాల్లో తరచుగా కనబడుతుంది. నేడు సందర్శకుడు గేటులోకి ప్రవేశించేది ఆ కాలువ మీదుగానే.

అమెరికన్ తండ్రులకు ఆసియాలో పుట్టిన సంతానానికి వలస అవకాశం కల్పిస్తూ అమెరికా 1982లో చట్టం చేసింది. కొరియా, వియత్నాం, లావోస్, కంబోడియా, థాయిలాండ్‌లకు అది వర్తించింది. ఫిలిప్పీన్స్ ఆ జాబితాలో లేదు. కంచె లోపలి నేలను దశాబ్దాలపాటు తమదిగా వాడుకొన్న రాజ్యం, కంచె బయట పుట్టిన పిల్లలను తమవారిగా అంగీకరించలేదు.

4. 1991–92: అగ్నిపర్వతం, సెనేట్, ప్రజలు

1991 జూన్ 15న పినతుబో అగ్నిపర్వతం బద్దలైంది. అదే రోజు తుపాను కూడా రావడంతో వానలో తడిసి బరువెక్కిన బూడిద సుబిక్, ఒలొంగపోలలో ఎన్నో కప్పులను కూల్చివేసింది. అదే ఏడాది సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్, సుబిక్‌ను మరో పదేళ్లపాటు అమెరికాకు అప్పగించే ఒడంబడికను 12–11 ఓట్లతో తిరస్కరించింది. అధ్యక్షురాలు కొరజోన్ అకినో ఒడంబడికను సమర్థించినా, సెనేట్ అధ్యక్షుడు హొవితో సలోంగా నాయకత్వంలో వ్యతిరేకుల పక్షం నెగ్గింది. 1992 నవంబరు 24న ‘బెలో వుడ్’ నౌక కదలడంతో అమెరికన్ల నిష్క్రమణ పూర్తయింది. వారు తేలియాడే డ్రైడాక్‌లను కూడా వెంట తీసుకొనిపోయారు.

జాతీయ చరిత్రలో ఈ ఘట్టం సార్వభౌమత్వ విజయం. ఒలొంగపోకు మాత్రం అది ఉపాధి నష్టం కూడా. ఈ రెండు సత్యాలను కలిపి చూడకపోతే తరువాతి పరిణామాలు అర్థం కావు. స్థావరం కొనసాగాలని వాదించిన నగర మేయర్ రిచర్డ్ గోర్డనే, దాని మార్పిడికి నాయకుడయ్యాడు. 1992 మార్చిలో వచ్చిన చట్టం సుబిక్‌ను స్వేచ్ఛా వాణిజ్య మండలంగా ప్రకటించి, దాని పాలనకు ఒక ప్రత్యేక అధికారసంస్థను ఏర్పరచింది. సుమారు 8,000 మంది నగరవాసులు జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసి భవనాలను దోపిడీ నుండి కాపాడారు, బూడిద ఎత్తారు, రోడ్లు ఊడ్చారు. క్లార్క్ వైమానిక స్థావరంలో లూటీ విపరీతంగా జరిగినా సుబిక్ చాలావరకు చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం ఈ ప్రజాశ్రమే. 1996 నవంబరులో ఆసియా పసిఫిక్ ఆర్థిక సహకార వేదికకు చెందిన 18 సభ్య ఆర్థికవ్యవస్థల నాయకులు సుబిక్‌లో సమావేశమయ్యే నాటికి ఆ ప్రదేశం కొత్త ఫిలిప్పీన్స్‌కు ప్రదర్శనశాలగా మారింది.

5. విహారస్థలంలో నిలిచిన స్థావరం

సుబిక్‌లో విహారం 1992 తరువాత పుట్టినది కాదు. నౌకాదళమే దానికి ఆద్యుడు. ఫిరంగుల కోటగా మొదలైన గ్రాండే ద్వీపం వియత్నాం కాలానికే నావికుల విశ్రాంతి ద్వీపమైంది. ఆ తరువాతనే పౌరుల రిసార్టుగా మారింది. ‘ఆల్ హ్యాండ్స్ బీచ్’ పేరులో ఓడ సిబ్బందినంతా పిలిచే నౌకాదళపు కేక ఉన్నది. ‘డంగరీ బీచ్’ పేరు నావికుల పనిదుస్తులను గుర్తుచేస్తుంది. పడుగు, పేక మారకుండా అదే వస్త్రం కొత్త కొనుగోలుదారు చేతికి వచ్చినట్లు, నావికుల తీరాలు పేర్లతో సహా పర్యాటకుల తీరాలయ్యాయి. ఆయుధసామగ్రిని ఎక్కించి దించిన కమయాన్ రేవు వద్ద నేడు డాల్ఫిన్ ప్రదర్శనలు జరిగే సముద్ర ఉద్యానం ఉన్నది. సైనికులకు చవుకగా సరుకులమ్మిన దుకాణాల స్థానాన్ని పన్నులేని దుకాణాలు ఆక్రమించాయి.

సుబిక్ అడవి ఇందుకు మరింత స్పష్టమైన నిదర్శనం. లుజాన్‌లోని లోతట్టు వర్షారణ్యం చాలామేరకు కలపకోతకు బలికాగా, సుబిక్‌లో మాత్రం మిగిలింది. స్థావరానికి మంచినీరు అందించడానికి, ఆయుధాగారాలను మరుగుపరచడానికి నౌకాదళం ఆ అడవిలోకి బయటివారిని రానివ్వలేదు. అంతరించే ప్రమాదమున్న బంగారుతల పెద్ద గబ్బిలాలు క్యూబీ సమీపంలోని చెట్లను ఆశ్రయించుకొని ఉండటానికి కూడా ఈ నిషేధమే కారణం. ప్రకృతిపట్ల అనురాగం వల్ల కాక, యుద్ధ అవసరం వల్ల ఒక అడవి బతికిందన్నది పర్యావరణ చరిత్రకారులు ఆలోచించదగిన వైరుధ్యం.

అయితే ఆ అడవి నిర్జనం కాదు. అది ఆయ్తా ఆదివాసుల నివాసభూమి. వియత్నాంకు వెళ్లే అమెరికన్ సైనికులకు అడవిలో నీరు వెతకడం, వెదురుతో వంట చేయడం, తినదగిన ఆకులను గుర్తించడం నేర్పినవారు ఆయ్తాలు. స్థావరం మూతపడిన తరువాత అవే విద్యలను పములక్లకిన్ అడవిబాటలో, పాత శిక్షణ శిబిరంలో పర్యాటకులకు ప్రదర్శిస్తున్నారు. శిష్యుడు మారాడు, గురువు స్థితి మాత్రం పెద్దగా మారలేదు. వెదురుతో నిప్పు పుట్టించడం చూసి ముచ్చటపడే సందర్శకుడికి, ఆ విద్య ఒకనాడు యుద్ధశిక్షణలో భాగమన్న సంగతి వినోదభరితమైన కథగానే అందుతుంది. ఈ విషయంలో ఒక ముఖ్యమైన మార్పును విస్మరించరాదు. 1997 ఆదివాసీ హక్కుల చట్టం కింద పాస్తోలన్ ఆయ్తాలు తమ పూర్వీకుల భూమికి సామూహిక హక్కుపత్రం పొందారు. స్వేచ్ఛా మండలంలోని కొంత భూమికి యజమానులెవరన్న ప్రశ్నకు ఆ పత్రం చట్టబద్ధమైన సమాధానం. సందర్శకుడు వారిని ప్రదర్శకులుగా చూస్తాడు. చట్టం వారిని భూయజమానులుగా గుర్తిస్తుంది. ఈ రెండు చూపుల మధ్య దూరం సుబిక్ వర్తమానాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం.

6. స్మారకాలు, మౌనాలు

సుబిక్ నీటిలో మునిగిన నౌకలు డైవింగ్ క్రీడాకారులకు ప్రధాన ఆకర్షణ. వాటిలో ‘న్యూయార్క్’తోపాటు ‘ఒర్యోకు మారు’ ముఖ్యమైనది. 1944 డిసెంబరులో జపాన్ ఆ ఓడలో 1,600 మందికి పైగా యుద్ధఖైదీలను, అత్యధికంగా అమెరికన్లను, గాలి ఆడని గదుల్లో కుక్కి మనీలా నుండి తరలించింది. లోపల ఖైదీలున్నారని తెలియని అమెరికన్ విమానాలే దానిపై దాడిచేశాయి. డిసెంబరు 15న అది ఒలొంగపో వద్ద మునిగిపోయింది. ఈదుకొని ఒడ్డు చేరినవారిని నౌకాస్థావరంలోని టెన్నిస్ మైదానంలో ఎండలో, చలిలో, ఆహారం దాదాపు లేకుండా రోజుల తరబడి బంధించారు. ఆటస్థలం బందిఖానా అయిన ఆ ఘటన, సుబిక్‌లో విహారానికీ యుద్ధానికీ ఉన్న సామీప్యాన్ని మరే ఉదాహరణ కన్నా బాగా తెలుపుతుంది. ఇటువంటి ‘నరకనౌక’ల మృతుల స్మృతికి 2006లో సుబిక్‌లో స్మారకం ఆవిష్కరించారు. అది సముచితమైన పని.

క్యూబీ పాయింట్ అధికారుల క్లబ్బు జ్ఞాపకాలు కూడా భద్రంగా ఉన్నాయి. వైమానికులు తమ దళాల పేర్లతో గోడలకు తగిలించిన ఫలకాలను అమెరికాకు తరలించి, ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ వైమానిక మ్యూజియంలో ఆ బారును పునర్నిర్మించారు. అంటే సుబిక్‌లోని అమెరికన్ మృతులకు శిల ఉన్నది, అమెరికన్ ఉల్లాసానికి మ్యూజియం ఉన్నది. ఆ బారులో వడ్డించినవారికి, మగ్‌సైసై వీధిలో నృత్యం చేసినవారికి, వారి పిల్లలకు విహారమండలపు దృశ్యంలో అదే స్థాయి చోటు లేదు. ఒలొంగపోలో 1980లలోనే బార్లలో పనిచేసిన స్త్రీల కోసం, వారి భాగస్వామ్యంతోనే పనిచేసిన బుక్లోద్ కేంద్రం వంటి సంస్థలు వారి అనుభవాలను నమోదుచేశాయి. ఆ చరిత్రకు ఆధారాలు లేక కాదు, దానిని చూపడానికి పర్యాటకమండలికి అవసరం లేక అది కంచె బయట ఉండిపోయింది.

మరొక మౌనం నేలలో, నీటిలో ఉన్నది. స్థావరాల పర్యావరణ స్థితిపై అమెరికా కాంగ్రెసుకు చెందిన లెక్కల తనిఖీ కార్యాలయం 1992 జనవరిలో నివేదిక సమర్పించింది. మురుగునీటిలో అధికభాగం శుద్ధిలేకుండానే అఖాతంలో కలుస్తున్నదని, నౌకామరమ్మతు కేంద్రపు లోహవ్యర్థాలు నీటిలోకి, పాతరలలోకి చేరుతున్నాయని అది పేర్కొన్నది. పరిశుభ్రతా బాధ్యతను స్థావర ఒప్పందం అమెరికాపై విధించలేదని కూడా అదే నివేదిక గుర్తించింది. స్వచ్ఛమైన తీరం అన్న ప్రచారానికీ ఈ నివేదికకూ పొంతన కుదరడం కష్టం. తీరం అందంగా ఉండటమూ, దాని అడుగు పొరల్లో గతకాలపు వ్యర్థాలు ఉండటమూ ఏకకాలంలో సాధ్యమే.

7. మళ్లీ నౌకలు

విహారస్థలంగా మారడమే సుబిక్ కథకు ముగింపు అనుకొనడం పొరపాటు. 1999లో అమలులోకి వచ్చిన సందర్శక దళాల ఒప్పందంతో అమెరికన్ యుద్ధనౌకలు విరామాలకు, విన్యాసాలకు తిరిగి రాసాగాయి. 2014 అక్టోబరులో అలా ఓడ దిగిన ఒక మెరైన్ సైనికుడు ఒలొంగపో నగరంలో ఒక ట్రాన్స్ మహిళను హతమార్చాడు. 2015లో ఫిలిప్పీన్స్ న్యాయస్థానం అతడిని దోషిగా నిర్ధారించింది. 2020లో దేశాధ్యక్షుడు క్షమాభిక్ష ప్రసాదించడంతో అతడు స్వదేశం చేరాడు. గేటు ముందరి వీధి గతకాలపు విషయం కాదని ఈ ఘటన నగరానికి గుర్తుచేసింది.

ఆర్థికరంగంలోనూ సుబిక్ ఒడుదుడుకులు చవిచూసింది. అంతర్జాతీయ కొరియర్ సంస్థ ఫెడెక్స్ 1995 నుండి నడిపిన ఆసియా కేంద్రాన్ని 2009లో చైనాకు తరలించింది. కొరియాకు చెందిన హంజిన్ నిర్మించిన భారీ నౌకానిర్మాణశాల 2019లో దివాలా స్థితికి చేరింది. 2022లో ఒక అమెరికన్ పెట్టుబడి సంస్థ దానిని చేజిక్కించుకోగా, అందులో కొంతభాగాన్ని ఫిలిప్పీన్స్ నౌకాదళం తన కార్యస్థావరంగా వినియోగించుకొంటున్నది. దక్షిణ చైనా సముద్రంలో ఉద్రిక్తతలు పెరిగిన నేపథ్యంలో సుబిక్ లోతునీటికి సైనికవిలువ మళ్లీ హెచ్చింది. విహారమూ రక్షణా ఒకే అఖాతాన్ని పంచుకొంటున్నాయి.

8. ముగింపు

సుబిక్‌లో స్థావరం, విహారస్థలం అన్నవి ఒకదాని తరువాత ఒకటి వచ్చిన రెండు వేర్వేరు యుగాలు కావు. గేటు, కంచె, అడవి, రేవు, చివరికి తీరాల పేర్లు కూడా మొదటిదాని నుండి రెండవదానికి సంక్రమించాయి. మార్పిడి విజయవంతం కావడానికి మూలం స్థానిక ప్రజల శ్రమ. 1992లో చీపుర్లు పట్టిన ఆ ప్రజలే అంతకుముందు దశాబ్దాలపాటు స్థావరాన్ని నడిపారు. వారి చరిత్రను చూపకుండా స్థావర చరిత్రను చూపడం అసంపూర్ణం.

మాజీ సైనిక స్థలాలను అధ్యయనం చేసేవారు భవనాల పునర్వినియోగాన్ని, పెట్టుబడుల లెక్కలను నమోదుచేయడంతో ఆగిపోరాదు. అక్కడ ఎవరి మరణానికి స్మారకం ఉన్నది, ఎవరి శ్రమకు లేదు, నేల ఎవరిది, అందులో మిగిలిన విషాన్ని తొలగించే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు కూడా పరిశోధనలో భాగం కావాలి. సుబిక్‌లో ఆ అన్వేషణ ఆరంభించదగిన స్థలం గేటు దగ్గరి చిన్న వంతెన. సందర్శకులు ఒక్క నిమిషంలో దాటిపోయే ఆ వంతెనకు ఇరువైపులా ఉన్న చరిత్రను కలిపి రాసినప్పుడే సుబిక్ చరిత్ర పూర్తవుతుంది.